కోసేసిన కింది నాలుగోవంతు

విజయనగరంలో వీడియో ఎడిటింగ్ నేర్చుకుంటున్న పిల్లలు కొందరు ఈ మధ్య నన్ను పట్టుకున్నారు. "మీ అనుభవాలు రాసివ్వండి సార్, మా బ్యాచ్ అంతా చదువుకుంటాం" అన్నారు. వాళ్లకు కావలసింది నాలుగు చిట్కాలు, రెండు మెచ్చుకోళ్లు, చివర్లో కష్టపడితే పైకొస్తారనే ముక్క. నేను కష్టపడ్డాను, పైకి రాలేదు. అది అసలు సంగతి కాదు కనక ప్రమోషన్లు, పీఎఫ్ గొడవలు వదిలేస్తున్నాను.

ఉద్యోగంలో చివరి ఆరేళ్లు నేను చేసింది ఒకటే పని. పాత టీవీ సీరియళ్లను, కార్యక్రమాలను కొత్త వెడల్పు టీవీలకు పట్టేలా కోశాను. ఆ కోతలో నరసమ్మ అనే ఒకావిడ చేతులు పోగొట్టాను. ఆవిడ పొందూరు పక్క ఊళ్లో నూలు వడికేది. నిజం చేతులు కావులెండి, బొమ్మలోని చేతులు. వాళ్లింటికి వెళ్లొచ్చాక మాత్రం ఆ రెంటికీ పెద్ద తేడా ఉందని నాకు అనిపించడం లేదు. మీరు చదవాల్సింది ఆ సంగతి. మిగతాదంతా దానికి దారి.

నల్ల పట్టీలు

మీరు పుట్టేసరికే టీవీలు గోడకు తగిలించుకునే పలకలైపోయాయి కాబట్టి కాస్త చెప్పాలి. పాత డబ్బా టీవీ తెర ఇంచుమించు చదరంగా ఉండేది. మేం తీసినవన్నీ ఆ కొలతకే తీశాం. కొత్త తెర ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ. పాత బొమ్మను దాని మీద పెడితే రెండు పక్కలా చోటు ఖాళీగా మిగులుతుంది. ఆ ఖాళీని ఏం చెయ్యాలన్నదే మా పని మొత్తం.

మూడు దారులున్నాయి. ఖాళీని ఖాళీగా వదిలేస్తే పక్కల రెండు నల్ల పట్టీలు కనిపిస్తాయి. ఇది మర్యాద గల పద్ధతి. బొమ్మను అడ్డంగా సాగదీస్తే మనుషులందరూ వాచినట్టుంటారు, సైకిలు చక్రాలు కోడిగుడ్లవుతాయి. మూడోది, బొమ్మను తెర వెడల్పుకు సరిపడా పెద్దది చేసి, ఎత్తులో మిగిలింది కోసేయడం. అలా కోస్తే ప్రతి బొమ్మలోనూ నాలుగోవంతు పోతుంది.

మేం మొదలుపెట్టింది నల్ల పట్టీలతోనే. మా ఓనరు అప్పలరాజు విజయనగరంలో లోకల్ చానల్ నడిపేవాడు. పాత కార్యక్రమాల టేపులు ఎవరెవరి ఇళ్లలోనో మూలపడి ఉంటే హక్కులతో సహా తెచ్చి ప్రసారం చేసేవాడు. రెండు వారాలు తిరక్కుండానే కోటబొమ్మాళి నుంచి కేబుల్ ఆపరేటర్ వచ్చి కూర్చున్నాడు.

"ఏటి రాజుగారూ ఇది. కొత్త టీవీ కొన్నోడు పక్కల నల్లగా ఉన్నాదనీసి నా ఇంటికొచ్చి కూకుంటన్నాడు. టీవీ పాడైపోనాదని షాపోడితో దెబ్బలాడతన్నాడు. నాను ఎవులికని సెప్పీది?"

అప్పలరాజు నా వైపు తిరిగాడు. "మాస్టారూ, తెర నిండుగా ఉండాల. అంతే" అన్నాడు. నల్ల పట్టీలు ఎందుకుంటాయో ప్రేక్షకులకు రెండు ముక్కల్లో చెప్పి, స్క్రోలింగ్ వేసి ఉంటే సరిపోయేది. ఆ మాట నాకు తట్టింది. అనలేదు.

నా తెలివి

ఇలాంటి వ్యాసాల్లో తప్పంతా ఓనరు మీద తోసేయడం అలవాటు. అప్పలరాజు పిసినిగొట్టు, మొండివాడు, బొమ్మ గురించి ఏమీ తెలియనివాడు. అంతవరకు నిజమే. కానీ ఈ కోతకు పద్ధతి కనిపెట్టింది మాత్రం నేను.

ఇరవై అయిదు నిమిషాల ఎపిసోడ్‌లో వందల షాట్లుంటాయి. ఒక్కో షాట్ చూసుకుని, దేంట్లో పైభాగం కోయాలో దేంట్లో కింది భాగం కోయాలో తేల్చుకుంటూ పోతే మూడు రోజులు పడుతుంది. నాకిచ్చింది ఒక పూట. అప్పుడు బుర్ర పెట్టాను. పైన కోస్తే తలలు తెగుతాయి, తల తెగితే చూసేవాడు వెంటనే పట్టేస్తాడు. కింద కోస్తే ఎవడూ పట్టించుకోడు. కాబట్టి పైన వెంట్రుకంత కూడా ముట్టుకోకుండా, కోసేదంతా కిందినుంచే కోసేలా కంప్యూటర్‌లో ఒక సెట్టింగ్ తయారుచేశాను. అన్ని షాట్లకూ అదే. మీట నొక్కి టీకి వెళ్లొచ్చేసరికి ఎపిసోడ్ అయిపోయేది. దానికి 'తల భద్రం' అని పేరు కూడా పెట్టుకున్నాను.

"బుర్రంటే మాస్టారిదే" అని అప్పలరాజు పక్క చానళ్లవాళ్ల ముందు కూడా అన్నాడు. యాభై దాటాక దొరికిన మెప్పు అది. సిగ్గులేకుండా చెబుతున్నాను, చాలా సంతోషించాను.

మా బాప్టిస్టు చర్చిలో ఎప్పుడో తీసిన క్రిస్మస్ పాటల కార్యక్రమం కూడా ఆ మీట కిందికే వచ్చింది. కింద కూర్చుని హార్మోనియం వాయించిన పెద్దాయన తెర మీద భుజాలు ఊపుకుంటూ మిగిలాడు, హార్మోనియం లేదు. ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను గుమ్మంలో ఆపి, "ఇంతకీ నాను ఆ పెట్టి వాయించినానా నేదా, నువ్వే సెప్పాల" అన్నాడు. అందరం నవ్వుకున్నాం. నేనూ నవ్వాను.

శ్రీముఖలింగం గుడి మీద తీసిన డాక్యుమెంటరీ వేసినప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు. గర్భగుడి షాట్లలో పూజారి చెయ్యి, హారతి పళ్లెం కోతలో పోయాయి. స్వామి ముఖం మీద వెలుగు మాత్రం ఆడుతోంది, ఎక్కడినుంచి వస్తోందో తెలియదు. మధ్యాహ్నానికల్లా ఫోన్ల మీద ఫోన్లు. అప్పలరాజుకు చెమటలు పట్టాయి. "మాస్టారూ, ఎన్ని రోజులైనా పట్టనీండి, ఒక్కో బొమ్మా సూసి సెయ్యండి" అన్నాడు. కూర్చుని మూడు రోజులు చేశాను. చాలా బాగా వచ్చింది.

అంటే మూడు రోజులు లేక కాదన్నమాట. ఫోన్లు వచ్చే బొమ్మకు రోజులు దొరికాయి, ఫోన్లు రాని బొమ్మకు మీట దొరికింది. ఈ సంగతి ఆ రోజే తెలిసింది. తెలిసి మళ్లీ మీట దగ్గరికే వెళ్లాను.

సన్యాసిరావు గారి పద్ధతి

డబ్బా టీవీల కాలంలో నేను కెమెరా అసిస్టెంటుని. సన్యాసిరావు గారని ఒక డైరెక్టరు నూలు వడికే కుటుంబం మీద పదమూడు భాగాల సీరియల్ తీశారు. ఆ ఇంటికొచ్చిన కోడలు నేను వడకనంటుంది. అత్తకూ ఆమెకూ మధ్య నడిచే కథ. కోడలి వేషానికి హైదరాబాదు నుంచి నటిని తెచ్చారు. అత్త వేషం మాత్రం నిజంగా ఆ పని చేసే నరసమ్మ చేత వేయించారు.

ఆ పక్క పత్తిని గింజతో ఉండగానే దువ్వుతారు. దువ్వేది దువ్వెనతో కాదు, వాలుగ చేప దవడతో. ఆ దవడకు సన్నటి పళ్లు వరసగా ఉంటాయి. కుడిచేత్తో దవడ పట్టుకుని దువ్వుతుంటే, ఎడమచేత్తో గింజను కొంచెం కొంచెంగా తిప్పుతుండాలి. పోగులు తెగకుండా వరసలోకి వస్తే నూలు సన్నగా వస్తుంది, లేకపోతే లేదు. రాట్నం దగ్గర జరిగేది తరవాతి సంగతి. నరసమ్మ నూలు ఆ ఊరందరి నూలుకంటే సన్నం అని చెప్పుకునేవారు.

ఇలాంటి పని తీసేటప్పుడు అందరూ మొహం ఒక షాట్‌లో, చేతులు దగ్గరగా ఇంకో షాట్‌లో తీస్తారు. సన్యాసిరావు గారు ఒప్పుకోలేదు.

"సేతులు విడిగా తీసినామనుకో, అవి ఎవులివైనా అవ్వొచ్చు. మొగమూ సేతులూ ఒక్క బొమ్మలో ఉండాల. ఈ పని సేత్తన్నాది ఈవిడే అని సూసినోడికి తెలియాల" అన్నారు.

అందుకని ప్రతి షాట్‌లోనూ నరసమ్మ మొహం పై అంచుకు, చేతులు కింది అంచుకు వచ్చేలా కెమెరా పెట్టించేవారు. పత్తి దువ్వే సన్నివేశాలకే మూడు రోజులు పట్టింది. పదమూడు భాగాల్లో ఆవిడ చేతులు విడిగా ఉన్న షాట్ ఒక్కటి కూడా లేదు. ఆయన పోయి చాలా ఏళ్లయింది.

ఆ సీరియల్ టేపులు నా బల్ల మీదికి వచ్చినప్పుడు ఇదంతా నాకు గుర్తుంది. మరిచిపోయానని చెబితే అబద్ధం. ఆయన షాట్లలో పైన కోస్తే మొహం పోతుంది, కింద కోస్తే చేతులు పోతాయి, నల్ల పట్టీలు తప్ప మార్గం లేదు. మొదటి భాగం మీట కింద పెట్టి చూశాను. తెర నిండా నరసమ్మ మొహం వచ్చింది, భుజాలు కదులుతున్నాయి, ఏం చేస్తోందో తెలియడం లేదు. అప్పలరాజు దగ్గరికి వెళ్లి, ఈ ఒక్కదానికి పట్టీలు ఉంచుదామన్నాను.

"సేతులు ఎవులు సూత్తారు మాస్టారూ. కతకి ఏటైనా అడ్డమా?"

"అడ్డం కాదు" అన్నాను.

నేనన్న మాటే అది. ఒక్క పూట గట్టిగా నిలబడి ఉంటే ఆయన ఒప్పుకునేవాడేమో, తిట్టేవాడేమో. తిట్టినంత మాత్రాన పోయేదేమీ లేదు. అప్పటికి నాకు ఇంకా మూడేళ్ల సర్వీసు మిగిలి ఉంది, గొడవెందుకనుకున్నాను. అంతకంటే పెద్ద కారణం లేదు.

చెరిపినవాడు

మీకు పనికొచ్చే ముక్క ఏదైనా ఉంటే ఇక్కడే ఉంది. టేపులో ఉన్నదాన్ని ముందు మొత్తంగా కంప్యూటర్‌లోకి ఎక్కించుకుంటాం. దాన్నుంచి కోసిన కాపీ తయారుచేస్తాం. అంటే ఒక దశలో మన దగ్గర పూర్తి బొమ్మ, కోసిన బొమ్మ రెండూ ఉంటాయి. హార్డ్ డిస్కు నిండిపోతుంది. ఏదో ఒకటి తీసెయ్యాలి. ప్రసారానికి వెళ్లేది కోసిన బొమ్మ కనక పూర్తి బొమ్మనే చెరుపుతాం. నేనూ అదే చేశాను, వారానికోసారి, ఇల్లు ఊడ్చినంత మామూలుగా.

టేపులున్నాయి కదా అనుకునేవాణ్ని. ఆ టేపులకు బూజు పట్టింది. కొన్ని ఒక్కసారి తిరిగేసరికే పొట్టు రాలిపోయేవి. గది ఖాళీ చెయ్యాలని అప్పలరాజు ఒక కాగితం తయారు చేయించాడు. కాపీ సరిగా వచ్చింది, టేపు ఇక అక్కర్లేదు అని దాని మీద ఎడిటరు సంతకం పెట్టాలి. పెట్టాను. వ్యాను వచ్చి పాత సామాన్ల కొట్టుకు తీసుకుపోయింది.

చూపించేదాన్ని ఎలాగైనా కోసుకోండి. ఓనరు అడుగుతాడు, తప్పదు. దాచేదాన్ని కోయకండి. డిస్కు నిండితే ఇంకో డిస్కు అడగండి, ఇవ్వకపోతే మళ్లీ అడగండి. నేను ఒక్కసారైనా అడగలేదు.

పైడమ్మ

సీరియల్ మా చానల్లో వచ్చి, తరవాత నెట్‌లోకి కూడా ఎక్కింది. ఏడాదిన్నర పోయాక ఒక ఉదయం ఆఫీసుకు నలభై అయిదేళ్లావిడ వచ్చింది. చేతిలో గుడ్డ సంచి. ఈ సీరియల్ పని చూసింది ఎవరని అడిగితే నా దగ్గరికి పంపారు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఫోనులో సూసినాను బాబూ. పదమూడూ సూసినాను. మా యమ్మ మొగం ఉన్నాది. సేతులేవి?" అంది.

నరసమ్మ కూతురు పైడమ్మ. ఇరవై ఏళ్లు జనపనార మిల్లులో చేసిందట. తల్లి పని చిన్నప్పుడు నేర్చుకోలేదు, అవసరం పడలేదు. మిల్లు మూసేశాక ఊరికి వెళ్లి చేప దవడ పట్టుకుంది. అప్పటికే నరసమ్మకు పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. గింజ తిప్పే చెయ్యి అదే.

"నాను దువ్వితే పోగు తెగిపోతన్నాది. ముతక నూలు వస్తాది. సన్న నూలైతేనే ఖాదీ సంఘమోళ్లు పని ఇస్తామంతన్నారు. గింజ తిప్పడంలోనే ఉన్నాదంతాది మా యమ్మ. ఎలాగో సెప్పమంటే, నోటితో సెప్పీది కాదే, సెయ్యుంటే సూపిద్దును అంతాది. ఊర్లో మిగిలినోళ్లు ఇంకోలా దువ్వుతారు. సినిమా తీసినారు కదా, అందులో ఉంటాదనీసి మా గుంటడి ఫోనులో ఎతికించినాను."

ఉన్న డిస్కులన్నీ ఆమె ముందే వెతికాను. లేదని నాకు ముందే తెలుసు. వెతుకుతున్నట్టు కనిపిస్తే కొంత మర్యాదగా ఉంటుందనిపించింది. సాయంత్రం దాకా అలాగే నిలబడి, మధ్యలో కాసేపు గోడకు చేరబడి చూసింది. చివరికి చెప్పేశాను. "నేనే కోశానమ్మా. పూర్తిది చెరిపిందీ నేనే. టేపులు పంపించెయ్యమని సంతకం పెట్టిందీ నేనే."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. గుడ్డ సంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"అది తీసినప్పుడు మీరు ఉన్నారేటి?"

"ఉన్నాను. కెమెరా దగ్గరే ఉన్నాను."

"అయితే ఓపాలి మా ఇంటికి రండి బాబూ" అంది.

వాళ్లిల్లు

ఆ ఆదివారం చర్చి అయ్యాక పొందూరు బస్సు ఎక్కాను. నరసమ్మ మంచం మీద ఉంది. బాగా చిక్కిపోయింది, మాట కొంచెం ముద్దగా వస్తోంది, అయినా నన్ను గుర్తుపట్టింది. "కెమేరా బాబువి కాదేటి" అంది. నేను మారిపోయానని, ముసలివాణ్ని అయిపోయానని రెండు మూడుసార్లు అంది.

పైడమ్మ ఫోనులో సీరియల్ పెట్టి తల్లి కళ్ల ముందు పట్టింది. నడివయసు నాటి తన మొహాన్ని నరసమ్మ కొంతసేపు చూసింది. కుడిచేత్తో ఫోనును పక్కకు నెట్టింది.

"నా మొగం ఎవులిక్కావాల బాబూ. సేతులు సూపించు."

లేవని చెప్పాను. ఆవిడకు అర్థం కాలేదు. ఫోను చిన్నది కనక పట్టలేదేమో, పెద్ద టీవీలో వస్తాయేమో అంది. ఇంకెక్కడా లేవని, నేనే కోశానని మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

"కోసీసినావా. ఎందుకు?"

"కొత్త టీవీలకి పట్టలేదమ్మా" అన్నాను.

ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నా నోటినుంచి వచ్చిన మాటల్లో అంత నీచమైనది ఇంకొకటి లేదు. ఆవిడ మొహం అటు తిప్పుకుంది. గోడ వైపు చూస్తూ పడుకుంది.

పైడమ్మ మాత్రం పని మొదలుపెట్టింది. నేల మీద కూర్చుని పత్తి, చేప దవడ ముందు పెట్టుకుంది. పక్కన పిల్లల నోటు పుస్తకం తెరిచి పెన్ను పట్టుకుంది. ఒక గింజ తీసి ఎడమచేతి వేళ్ల మధ్య పట్టుకుని నాకు చూపించింది.

"మూడు రోజులు ఎదర నిలబడి సూసినారు కదా. నాకు ఎక్కువ అక్కర్నేదు, ఒక్క ముక్క సెప్పండి సాలు. గింజని లోపలికి తిప్పుతాదా, బయిటికా? మా యమ్మని అడిగితే అది సేతికే తెలుసు, నాకు తెల్దంతాది."

నరసమ్మ ఇటు తిరిగింది. ఇద్దరూ నా వైపే చూస్తున్నారు.

గుర్తు చేసుకున్నాను. కెమెరా అసిస్టెంటుగా ఫోకస్ చూసుకోవడం నా పని. లెన్సు నుంచి నరసమ్మ ముక్కు దాకా కొలత టేపుతో కొలిచేవాణ్ని, ఏడడుగులు. ఆవిడ ముక్కుపుడక గుర్తుంది. కణత దగ్గర నెరిసిన పాయ గుర్తుంది. సన్యాసిరావు గారి దగ్గు గుర్తుంది. చేతులు ఎంత తడుముకున్నా రావడం లేదు. మొహం స్పష్టంగా ఉంటే చేతులు వాటంతటవే స్పష్టంగా వస్తాయి కనక, ఆ మూడు రోజులూ నేను మొహాన్నే కనిపెట్టుకుని ఉన్నాను. అంత దగ్గర కూర్చుని, ఆవిడ చేతుల వైపు ఒక్కసారైనా చూడలేదు.

తెలియదని చెప్పాలి. పైడమ్మ పెన్ను పట్టుకుని ఎదురుచూస్తోంది. అప్పటికే ఆ ఇంట్లో లేవని రెండుసార్లు చెప్పి ఉన్నాను.

"లోపలికి" అన్నాను.

ఆమె పుస్తకంలో రాసుకుని, కింద గీత కూడా గీసుకుంది. నరసమ్మ కళ్లు మూసుకుని, పడిపోని కుడిచేత్తో గాలిలో ఏదో తిప్పబోయి ఆగిపోయింది. నాకు టీ ఇచ్చారు, తాగాను. పైడమ్మ బస్సు దాకా వచ్చి సాగనంపింది.

నరసమ్మ ఆ ఏడాదే పోయింది. పైడమ్మ ఇంకా దువ్వుతోందని, నూలు ముతకగానే వస్తోందని, అయినా గింజను లోపలికే తిప్పుతోందని అటునుంచి వచ్చినవాళ్లు చెప్పారు. ఏ వైపు తిప్పేదో తెలియకుండానే ఆ మాట అన్నానని చెప్పడానికి ఇంతవరకూ వెళ్లలేదు.